అప్‌డేట్: ఉల్కల లెక్కకు వాయిస్ రికార్డరే తీసుకున్నాను
జెమినిడ్స్ (డిసెంబర్‌లో వచ్చే ఉల్కాపాతం) చూస్తూ వివరాలు నమోదు చేయడానికి ఫోన్ సరిపోతుందా, రికార్డర్ కొనాలా అని అడిగాను కదా. మీరన్నట్టే బటన్లున్న చిన్న వాయిస్ రికార్డర్ కొన్నాను. డిసెంబర్ 13 రాత్రి ఉదయగిరి దగ్గర వాడాను, చాలా నచ్చింది. ఫోన్ వెలుగు ఒక్కసారి కంట్లో పడితే మళ్లీ చీకటికి అలవాటు పడటానికి 20, 30 నిమిషాలు పోతాయి. దీనికి ఆ టెన్షన్ లేదు, తడిమి నొక్కడమే. మొదట టైమ్ పైకి చెప్పి, ఆపకుండా నడవనిచ్చాను. ఉల్క కనబడగానే "జెమినిడ్, ప్రకాశం రెండు" అని ఏ ఉల్కాపాతానిదో, దాని వెలుగు కొలత ఎంతో చెబితే సరి. తెల్లారాక రికార్డింగ్‌లో అది ఎన్నో నిమిషమో కౌంటర్‌లో చూసి, మొదట చెప్పిన టైమ్‌కి కలిపి, 5 గంటల 30 నిమిషాలు తీసేస్తే రిపోర్టుకు కావాల్సిన యూటీ (యూనివర్సల్ టైమ్) వచ్చేస్తుంది. బ్యాటరీలు మార్చుకునే రకం కొనమన్న అన్నకు ప్రత్యేకంగా థ్యాంక్స్. జనవరి 3 రాత్రి మరో ఉల్కాపాతం క్వాడ్రాంటిడ్స్‌కి మైపాడు బీచ్‌కి వెళ్తున్నాం. సముద్రపు గాలి హోరుకు మైకుకి స్పాంజి తొడుగు సరిపోతుందా?