“వలస” అనే మాట దగ్గర ఆగిపోయాను

పసిఫిక్ సముద్రంలో ఫ్రాన్స్ పాలనలో ఉన్న న్యూ కాలెడోనియా దీవుల ఎన్నికల గొడవ గురించి ఒక వ్యాసం తెలుగు చేస్తుంటే ఈ వాక్యం వచ్చింది: “వలస పాలన పోవాలంటే వలస వచ్చినవారికి ఓటు ఉండకూడదని స్థానికులు అంటున్నారు.” మొదటి వలస ఫ్రాన్స్ అధికారం. రెండోది ఉద్యోగానికి వచ్చిన ఏ నర్సో, టీచరో. ఒకే మాట రెండుసార్లు పడేసరికి, ఆ నర్సు కూడా పెత్తనం చేయడానికే దిగినట్టు వినిపిస్తోంది.

బ్రౌన్ నిఘంటువులో వలస అంటే శత్రుసైన్యానికి భయపడి ఇల్లు వదిలిపోవడం. పారిపోయేవాళ్ల మాటను మనం ఆక్రమించేవాళ్లకూ ఇచ్చేశాం.

ఇది చాదస్తం కాదండీ, అక్కడి రాజకీయమంతా ఈ తేడా మీదే నడుస్తోంది. అక్కడి మూలవాసులైన కనక్‌లు చాలాకాలంగా సగానికన్నా తక్కువే; 2019 జనగణనలో 41 శాతం. అందుకే ఫ్రాన్స్‌కూ అక్కడి పార్టీలకూ మధ్య కుదిరిన 1998 నూమెయా ఒప్పందం తర్వాత, కొత్తగా వచ్చినవారికి ప్రావిన్సు ఎన్నికల్లో ఓటు లేకుండా చేశారు. పదేళ్లుగా ఉంటున్నవారికి ఓటిచ్చే సవరణ 2024 మేలో పారిస్‌లో చర్చకు రాగానే అక్కడ అల్లర్లు మొదలై ప్రాణాలు పోయాయి.

— సెటిలర్ అంటే సరిపోదా? అందరికీ తెలిసిన మాటే కదా.

కొంతవరకు సరిపోతుంది. బంగ్లాదేశ్‌లో గిరిజనుల ప్రాంతమైన చిట్టగాంగ్ కొండల్లో కూడా ఆ ఇంగ్లీషు మాటే వాడతారు. కానీ అక్కడికి 1979 నుంచి మైదానాల బెంగాలీ పేదలను భూమి ఇస్తామని తీసుకొచ్చి పెట్టింది ప్రభుత్వమే. “వలస వచ్చారు” అనగానే, తెచ్చినవాడు వాక్యంలోంచి తప్పుకుంటాడు. కోపమంతా ఆ పేదల మీదికే పోతుంది. నాకు బాధ కలిగించేది ఇదే. “ప్రభుత్వం తెచ్చి స్థిరపరిచిన కుటుంబాలు” అనాలి, పొడుగైనా సరే. 1997 శాంతి ఒప్పందం కూడా అక్కడి గిరిజనేతరుల్లో “శాశ్వత నివాసి” ఎవరో చెప్పడానికి, చట్టబద్ధమైన భూమి, స్థిరమైన చిరునామా ఉండాలని విడమరిచి రాసుకుంది.

— మరి “స్థానికులు”?

అదీ తప్పే. న్యూ కాలెడోనియాలో తరాలుగా పుట్టి పెరిగిన యూరోపియన్ కుటుంబాలూ ఉన్నాయి, వాళ్లూ స్థానికులమనే అంటారు. చివరికి ఇలా మార్చాను: “ఫ్రాన్స్ పెత్తనం పోవాలంటే, 1998 తర్వాత వచ్చి స్థిరపడినవారికి ప్రావిన్సు ఎన్నికల్లో ఓటు ఉండకూడదని కనక్ పార్టీలు అంటున్నాయి.”