భుజానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేయించాక షుగర్ 240కి వెళ్లింది, మామూలేనా?

వరంగల్‌అబ్బాయి:
అమ్మకి ఫ్రోజెన్ షోల్డర్, జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవట్లేదని చూపిస్తే నిన్న భుజంలో ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ 40 ఎంజీ ఇచ్చారు. గంటలోనే చెయ్యి పైకెత్తి చూపించింది, హమ్మయ్య అనుకున్నాం. రాత్రి నుంచి ముందుకంటే ఎక్కువ నొప్పి, పొద్దున మొహమంతా ఎర్రగా ఉంది, ఫాస్టింగ్ ఎప్పుడూ 130 దాటనిది 240. ఇంజెక్షన్ పడలేదంటారా?

ఫిజియోఅక్క:
తమ్ముడూ, టెన్షన్ వద్దు. గంటలో తగ్గింది స్టెరాయిడ్ వల్ల కాదు, అందులో కలిపే మత్తు మందు వల్ల, అది కొన్ని గంటలకే దిగిపోతుంది. అసలు మందు పట్టడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి వారం పైనే పడుతుంది. ఈలోపు ఒకటి రెండు రోజులు నొప్పి పెరగడం కొందరిలో చూస్తాం. గుడ్డలో ఐస్ చుట్టి పది నిమిషాలు పెట్టండి, బామ్ రాసి పిసకొద్దు, బిందెలు ఎత్తనివ్వద్దు. మొహం ఎరుపు దానంతటదే పోతుంది. కానీ రెండు రోజులయ్యాక కూడా వాపు, వేడి పెరుగుతూ జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయకుండా అదే రోజు డాక్టర్‌కి చూపించాలి, కీలులో ఇన్ఫెక్షన్ కావచ్చు.

తీపిమానేసినోడు:
నాకూ షుగరే, మోకాలికి చేయించినప్పుడు ఇలాగే ఎగిరింది. కొన్ని రోజులు, కొందరికి వారం దాటి కూడా ఉంటుంది. రోజూ చూసి రాసిపెట్టండి, మాత్రలు ఆపకండి, సొంతంగా డోసు పెంచకండి. 300 దాటి దిగకపోయినా, దాహం, వాంతులు, మగత ఉన్నా షుగర్ డాక్టర్‌కి ఫోన్ చేయండి. అసలు షుగర్ ఉన్నవాళ్లకి ఇది ముందే చెప్పి పంపాలి, చీటీలో ఒక్క ముక్క రాస్తే ఏం పోయిందో!

నాటువైద్యమేబెస్ట్:
స్టెరాయిడ్ అంటే ఎముకలు గుల్లయిపోతాయి, ఎందుకు పొడిపించారండీ?

ఫిజియోఅక్క:
నెలల తరబడి మింగే మాత్రల సంగతి వేరండీ. ఒక్క ఇంజెక్షన్‌తో అలా అవదు. ఒకే కీలుకి మాటిమాటికీ పొడిపిస్తే మృదులాస్థి దెబ్బతింటుంది, అందుకే కనీసం మూడు నెలల గ్యాప్ చూస్తారు. సూది పడ్డచోట చర్మం తెల్లబడటం, చిన్న గుంట పడటం కొందరికి ఉంటుంది.

వరంగల్‌అబ్బాయి:
థాంక్స్ అక్కా. మరి ఎక్సర్‌సైజులు?

ఫిజియోఅక్క:
రెండు రోజులాగి మెల్లగా మొదలుపెట్టించు, ముందుకు వంగి చెయ్యి లోలకంలా ఊపడం, తర్వాత గోడ మీద వేళ్లతో పైకి పాకించడం. నొప్పి తగ్గిందని ఇవి మానేస్తే భుజం మళ్లీ బిగుసుకుంటుంది, చాలామంది ఆగిపోయేది ఇక్కడే.