చెవులు నొక్కేసే హెడ్‌ఫోన్: బాగు చేసుకోవాలా, మార్చేయాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
ఇంట్లో కూర్చుని తెలుగు, ఒడియా ఆడియో విని టైపు చేసే పని నాది. పొద్దున్న మొదలుపెడితే వంట వేళ దాకా, పిల్లలు పడుకున్నాక మళ్లీ. దీనికోసమే చెవిని పూర్తిగా కప్పే క్లోజ్డ్ హెడ్‌ఫోన్ కొన్నాను. మాట స్పష్టంగా వినిపిస్తుంది, అందులో పేచీ లేదు. కానీ కాసేపటికే కళ్లజోడు కాడ కణతలోకి దిగిపోతుంది, తీసి చూసుకుంటే ఎర్రగా అచ్చు పడి ఉంటుంది. మెత్తలు కూడా అణిగిపోయి చెవి అంచు లోపలి ప్లాస్టిక్‌కి తగులుతోంది. మెత్తలు మారిస్తే చాలా, మొత్తం మార్చేయాలా?

పాత_ఆంప్లిఫయర్ (రాయగడ)
అమ్మా, తొందరపడి కొత్తది కొనకండి. మీకున్నవి రెండు వేర్వేరు బాధలు. కణత నొప్పి బిగింపు వల్ల, చెవి అంచు నొప్పి మెత్త వల్ల. బిగింపుకి పుస్తకాలు దొంతరగా పెట్టి, మీ తల వెడల్పు కన్నా కొంచెమే ఎక్కువ ఉండేలా చూసుకుని, రాత్రంతా హెడ్‌ఫోన్ తొడిగి ఉంచండి. పొద్దున్న పెట్టుకుని చూడండి. చాలకపోతే ఇంకో సన్న పుస్తకం చేర్చండి. మెత్తలు విడిగా దొరుకుతాయి. సౌండ్ సర్వీసులో బతికినవాణ్ణి, పనికొచ్చే సామాను పారేయమని చెప్పలేను.

బల్లార్షా_బండి (బల్లార్షా)
పుస్తకాల వైద్యం చేయకండి అక్కా! నాది అలాగే చేస్తే మడిచే కీలు దగ్గర పగిలింది. అమ్మిన షాపుకి తీసుకెళితే ‘వాడకంలో విరిగింది, వారంటీ రాదు’ అన్నాడు. నొప్పి పెట్టేదాన్ని మార్చేయడమే.

పాత_ఆంప్లిఫయర్ (రాయగడ)
మీది పుస్తకాల వల్ల విరగలేదు. కప్పులు పట్టుకుని బలంగా లాగి ఉంటారు. అలా లాగితే భారమంతా కీలు మీద పడుతుంది. బ్యాండ్ లోపల స్టీలు పట్టీ ఉంటే, కప్పులను కిందికి పూర్తిగా జార్చి, బయటపడిన ఆ పట్టీని రెండు చేతులతో పట్టుకుని కొద్దికొద్దిగా వంచాలి. మొత్తం ప్లాస్టిక్ అయితే వంచకూడదు, పుస్తకాల మీద పెట్టి వదిలేయడమే.

బల్లార్షా_బండి (బల్లార్షా)
నేను లాగలేదు. పుస్తకాల మీదే ఉంచాను. మీరు చూశారా నేను లాగడం?

పాత_ఆంప్లిఫయర్ (రాయగడ)
చూడక్కర్లేదు. ఎక్కడ విరిగిందో చెప్పారు కదా, అది చాలు.

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)
కీలు గొడవ పక్కన పెట్టండి. మెత్తల మాట ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. మా సముద్రపు తేమకి తోలులా కనిపించే ఆ మెత్తలు పొరలు పొరలుగా ఊడిపోతాయి. అది అసలు తోలు కాదు, పాలీయురెథేన్ పూత. తేమకీ చెమటకీ అదే విడిపోతుంది. నల్లటి రవ్వలు చెంపలకి అంటుకుంటాయి. వెలూర్ అనే మఖమల్ లాంటి గుడ్డ మెత్తలైతే గాలి ఆడుతుంది.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ)
గుడ్డ మెత్తలు హాయిగానే ఉంటాయి, కానీ బయటి చప్పుడు ఎక్కువగా లోపలికి వస్తుంది, బాస్ తగ్గుతుంది. కళ్లజోడు కాడ దగ్గర సందు పడినా, బిగింపు మరీ వదులైనా జరిగేది అదే. అప్పుడు తెలియకుండానే వాల్యూమ్ పెంచుతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పిన హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగమవుతుంది, అంటే 83 దగ్గర 20 గంటలే. రోజంతా వినే పని కాబట్టి ఈ లెక్క అక్కకి ముఖ్యం. ముందు కళ్లజోడుకి సన్నటి లోహపు కాడలు వేయించుకోండి. సందు తగ్గుతుంది, నొక్కుడూ తగ్గుతుంది.

బల్లార్షా_బండి (బల్లార్షా)
అంటే ఇప్పుడు కళ్లజోడు కూడా మార్చాలా? హెడ్‌ఫోన్ తప్పుకి కళ్లజోడుకి ఖర్చు! సోనీ ఎండీఆర్ 7506 దాదాపు 230 గ్రాములే, 1991 నుంచి స్టూడియోల్లో నడుస్తోంది. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 270 గ్రాములు, అందులో ఎక్కువ రకాలు వెలూర్ మెత్తలతోనే వస్తాయి. ఒకసారి మంచిది కొంటే మళ్లీ బాధ లేదు.

పాత_ఆంప్లిఫయర్ (రాయగడ)
బరువు చూసి కొంటే బిగింపు తెలుస్తుందా? తేలికగా ఉన్నది కూడా గట్టిగా పట్టేస్తుంది. తల మీద పెట్టుకుని చూడకుండా ఎవరూ చెప్పలేరు. అలా పెట్టి చూసే షాపు మా దగ్గర ఏదీ? విశాఖ పోవాలి, లేదా భువనేశ్వర్. ఆన్‌లైన్లో తెప్పిస్తే మా పిన్‌కోడ్‌కి వస్తువు తెచ్చిస్తారు, వెనక్కి మాత్రం తీసుకెళ్లరు. నేను ఒక షాపులో ఒరిజినల్ మెత్తలని డబ్బు కట్టి, సైజు రాని జత ఇంటికి తెచ్చుకున్నాను. మార్చమంటే మార్చలేదు. అందుకే ఉన్నదాన్ని బాగు చేసుకోమంటున్నా. కొన్నాళ్లు ఓపిక పడితే చెవికి అలవాటవుతుంది కూడా.

బల్లార్షా_బండి (బల్లార్షా)
అలవాటవుతుందా? ఇదే మాట మా అమ్మకి కుట్టుమిషన్ దగ్గర నడుము నొప్పి వస్తే చెప్పారు. ఓపిక పట్టింది. ఇప్పుడు వంగి చెంబు కూడా ఎత్తలేదు. ఇంట్లో కూర్చుని చేసే పని కదా, నొప్పి ఉంటే ఏంటి అనుకుంటారు అందరూ. మీ సౌండ్ సర్వీసులో భుజం పట్టేస్తే ఇంకో కుర్రాణ్ణి పిలిచేవారు. అక్కకి ఎవరున్నారు?

పాత_ఆంప్లిఫయర్ (రాయగడ)
నన్ను మనసు లేనివాణ్ణి చేయకండి. బాక్సులు మోసి మోసి నా ఎడమ భుజం ఈరోజుకీ పైకి లేవదు. ఏ కుర్రాడూ రాలేదు. డబ్బు విలువ తెలిసి చెబుతున్నాను.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
మీ ఇద్దరూ కొట్టుకోకండి. నేను మొదట రాయని సంగతి ఒకటుంది. ఈ హెడ్‌ఫోన్ నా సంపాదనతోనే కొన్నాను. అయినా ‘రోజంతా చెవులు మూసుకుని కూర్చుంటుంది, దానికి ఇంత ఖర్చా’ అని ఇంట్లో మాటొచ్చింది. ఇప్పుడు నొప్పి అంటే ‘కొనొద్దన్నామా లేదా’ అంటారు. అందుకే ఎవరికీ చెప్పకుండా నూనె రాసుకుని పని చేస్తున్నాను. మార్చాలా వద్దా అని అడిగానే గానీ, ఇంకోసారి కొంటే ఆ మాట మళ్లీ పడాలనే నా భయం.

గోపాల్‌పూర్_గాలి (బరంపురం)
నెల డబ్బు మీ చేతికొచ్చాకే కదా ఇంటికెళ్లేది. పనిముట్టుకి అయ్యే ఖర్చు ముందే తీసి పక్కన పెట్టండి.

పాత_ఆంప్లిఫయర్ (రాయగడ)
అమ్మా, ఈ సంగతి తెలిస్తే ఓపిక పట్టమని రాసేవాణ్ణి కాదు. మెత్తలు మార్చడం మాత్రం మానకండి. కప్పు బయటి పొడవు, వెడల్పు స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. అది గుండ్రమా, కోలగా ఉందా చూడండి. మెత్త లోపలి ఖాళీలో మీ చెవి మొత్తం పట్టాలి, లోతు కూడా చాలాలి. మోడల్ పేరు చూసి కొనకండి, కొలత చూసి కొనండి.

బల్లార్షా_బండి (బల్లార్షా)
కొలవడం దాకా ఒప్పుకుంటాను. కానీ మెత్తలు మార్చాక కూడా కణత సలిపితే ఒక్కరోజు కూడా భరించకండి. పుస్తకాల మాట ఇప్పటికీ ఒప్పుకోను.

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ)
కొత్త మెత్తలు వచ్చేదాకా పని మధ్యలో హెడ్‌ఫోన్ తీసి చెవులకి గాలి తగలనివ్వండి. హెడ్‌బ్యాండ్‌ని ప్రతిసారీ ఒకే చోట కాకుండా కొంచెం ముందుకో వెనక్కో జరపండి, నొక్కే చోటు మారుతుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
కొలిచాను. కోలగా ఉంది, 98 పొడవు, 82 వెడల్పు. పాతపట్నంలో మా చెల్లెలి అడ్రసుకి తెప్పిస్తే వెనక్కి తీసుకుంటామని చూపిస్తోంది, అక్కడికే పెడుతున్నాను. రాయగడ గారూ, అంచు రబ్బరులా సాగి కప్పు గాడిలోకి వెళ్లే రకం మాది. చిరగకుండా ఎలా ఎక్కించాలి?

పాత_ఆంప్లిఫయర్ (రాయగడ)
ముందు పై అంచు గాడిలో పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకోండి. అక్కణ్ణించి రెండు పక్కలా కొంచెం కొంచెంగా లాగుతూ కిందికి రండి. గోళ్లు వాడకండి. చివర్లో మిగిలేది కాస్త బిగుతుగా ఉంటుంది, పాత ఏటీఎం కార్డు మూలతో లోపలికి తోయండి.