డెబియన్ 12లో యాడాన్ ప్యాకేజీ వల్ల థండర్‌బర్డ్ అప్‌డేట్ ఆగిపోతోంది

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

నమస్కారమండి. మా ఆడిటరు గారి ఆఫీసులో ఆరు కంప్యూటర్లలో డెబియన్ 12 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఉంది. పార్టీల చిరునామాలను, రిటర్నుల గడువు తేదీలను ఆఫీసు సర్వరు నుంచి థండర్‌బర్డ్ మెయిలు ప్రోగ్రాములోకి తెచ్చే ఒక యాడాన్‌ను (అదనపు సౌకర్యం కోసం జోడించేది) డెబియన్ రిపాజిటరీ (ప్యాకేజీల నిల్వ) నుంచే వేసుకున్నాను. థండర్‌బర్డ్ 115 నుంచి 128కి మారవలసిన సమయంలో, ఐదు కంప్యూటర్లలో ప్యాకేజీలను కొత్త వెర్షన్‌కు మార్చే ‘ఆప్ట్ అప్‌గ్రేడ్’ ఆదేశం కొడితే థండర్‌బర్డ్‌ను నిలిపి ఉంచినట్లు ఒక వరుస చూపి ఊరుకుంది. ఆరోదానిలో తొందరపడి ‘ఫుల్-అప్‌గ్రేడ్’ కొట్టాను. థండర్‌బర్డ్ మారింది గాని యాడాన్ తొలగిపోయి, 20వ తేదీ జీఎస్టీ గడువు ముందర క్యాలెండరు ఖాళీ అయింది. తదుపరి డెబియన్ కోసం సిద్ధమవుతున్న టెస్టింగ్ శాఖలో ఉన్న కొత్త యాడాన్‌ను తెచ్చి వేయవచ్చా? అసలు స్టేబుల్‌లో (విడుదలైన స్థిరమైన డెబియన్‌లో) ఏదీ మారదంటారు కదా, థండర్‌బర్డ్ ఎందుకు మారుతోంది?

జవాబు (గవర్నరుపేట, విజయవాడ)

స్టేబుల్‌లో సాధారణంగా విడుదల నాటి వెర్షన్‌నే ఉంచి, భద్రతా లోపాలకు మాత్రం అతుకులు వేస్తారు. థండర్‌బర్డ్ అంత పెద్ద ప్రోగ్రాములో ఆ అతుకులను పాత వెర్షన్‌కు వేస్తూ కూర్చోవడం అయ్యే పని కాదు గనుక, దీర్ఘకాల మద్దతు ఉన్న ఈఎస్ఆర్ వెర్షన్‌ను మొత్తంగా భద్రతా అప్‌డేట్ల ద్వారానే ఇస్తారు. 2023 జూన్‌లో థండర్‌బర్డ్ 102తో వచ్చిన డెబియన్ 12 ఆ విధంగానే 115కు, తరువాత 128కి వచ్చింది. యాడాన్ ప్యాకేజీ మాత్రం ఉన్నచోటనే ఉండిపోతుంది. పాత యాడాన్‌తో కొత్త థండర్‌బర్డ్ కుదరదని ప్యాకేజీలోనే రాసి ఉంటే, ‘అప్‌గ్రేడ్’ దేనినీ తొలగించదు కనుక థండర్‌బర్డ్‌ను ఆపుతుంది, ‘ఫుల్-అప్‌గ్రేడ్’ యాడాన్‌ను తీసేస్తుంది.

నన్నడిగితే మీ ఆరో కంప్యూటరే మేలైన స్థితిలో ఉంది. మిగిలిన ఐదింటికీ మెయిలు ప్రోగ్రాము భద్రతా మరమ్మతులు అందడం లేదు, పైగా అవి బాగానే పనిచేస్తున్నట్లు కనబడుతున్నాయి.

జవాబు (సత్యనారాయణపురం, విజయవాడ)

టెస్టింగ్ నుంచి ఒక్క ప్యాకేజీ తెచ్చినా, దాని వెనుక మరికొన్ని లైబ్రరీలు వచ్చి చేరవచ్చు. ఆఫీసు కంప్యూటర్లలో ఆ పని వద్దండి. ముందుగా ‘ఆప్ట్ పాలసీ’ అని కొట్టి పక్కన యాడాన్ ప్యాకేజీ పేరు ఇస్తే, ఏ వెర్షన్ ఎక్కడి నుంచి దొరుకుతోందో తెలుస్తుంది. బ్యాక్‌పోర్ట్స్ అనే అదనపు నిల్వలో ఉంటే అది టెస్టింగ్ ప్యాకేజీనే మీ డెబియన్ 12 కోసం తిరిగి కట్టినది కనుక వాడుకోవచ్చు. లేకపోతే ఆ ప్యాకేజీ మీద బగ్ (లోపం) నమోదు చేయండి: నిర్వాహకుడు మార్పుల తేడాను విడుదల బృందానికి పంపి, వారు ఒప్పుకుంటే అది ప్రపోజ్డ్-అప్‌డేట్స్ అనే వేచి ఉండే నిల్వలోకి చేరి, తదుపరి పాయింట్ రిలీజ్‌తో (మరమ్మతులు కూర్చిన చిన్న విడుదలతో) అందరికీ వస్తుంది. ఆ దారి సరైనదే గాని, మీ 20వ తేదీ లోపల జరిగేది కాదు.

అయితే మీకు ఆ యాడాన్ ఇంకా అవసరమా అన్నది నా సందేహం. సర్వరు నుంచి క్యాలెండరు తెచ్చే క్యాల్‌డావ్ పద్ధతి థండర్‌బర్డ్‌లోనే ఉంది, చిరునామాలు తెచ్చే కార్డ్‌డావ్ పద్ధతి కూడా 91వ వెర్షన్ నుంచి వచ్చింది. మీ సర్వరు ఈ రెండూ మాట్లాడేదైతే యాడాన్ లేకుండానే పని జరిగిపోతుంది. మెయిళ్లను గుప్తీకరించే ఎనిగ్‌మెయిల్ యాడాన్‌కు ఇలాగే జరిగింది: 2020లో వచ్చిన థండర్‌బర్డ్ 78 పాత తరహా యాడాన్లను వదిలేసి, ఓపెన్‌పీజీపీ అనే ఆ గుప్తీకరణ పద్ధతిని తనలోనే కలుపుకుంది.

ఒక జాగ్రత్త. 128 ఒకసారి తెరిచిన ప్రొఫైల్‌ను (మీ మెయిళ్లు, అమరికలు ఉండే ఫోల్డరును) 115తో తెరవబోతే ఒప్పుకోదు. అందుకని మార్చే ముందు మీ హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే థండర్‌బర్డ్ ఫోల్డరును, ప్రోగ్రామును మూసి ఉంచి, వేరేచోటికి కాపీ చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు (బ్రాడీపేట, గుంటూరు)

ఇద్దరికీ ధన్యవాదాలండి. మా సర్వరుకు రెండూ వచ్చు. ఆరో కంప్యూటరులో సర్వరు చిరునామా ఇచ్చి పాస్‌వర్డు కొట్టగానే పార్టీల పేర్లు, గడువు తేదీలు అన్నీ వచ్చాయి. క్యాలెండరు రంగులు మాత్రం మళ్లీ పెట్టుకోవలసి వచ్చింది, జీఎస్టీకి ఎరుపు లేకపోతే మా గుమాస్తా గారు ఒప్పుకోరు. మిగిలిన ఐదింటినీ ఫోల్డర్లు కాపీ చేసుకొని ఆదివారం మారుస్తాను.