నల్ల కారు, చెట్టు కింద పార్కింగ్: వ్యాక్సా, సీలెంటా, సెరామిక్కా?

నల్లసెడాన్:

అందరికీ నమస్తే. నాలుగేళ్ల నల్ల సెడాన్ ఉంది. సాలిడ్ బ్లాక్, మెటాలిక్ కాదు. ఇంతవరకు షాంపూ తప్ప దానికి ఏమీ పెట్టలేదు. నీడలో చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది. ఎండ పడిందంటే బానెట్ నిండా సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలు. డిక్కీ మీద, అద్దాల కింద తెల్లటి నీటి మరకలు, ఎంత తుడిచినా పోవట్లేదు. కడిగి ఆరిన తర్వాత కూడా పైకప్పు మీద చెయ్యి వేస్తే గరుకుగా తగులుతోంది.

కారు ఎప్పుడూ బయటే ఉంటుంది. మధ్యాహ్నం దాకా చెట్టు నీడ, తర్వాత నేరుగా ఎండ. పిట్టల రెట్టలు, చెట్టు జిగురు రెండూ తప్పవు. పార్కింగ్‌లో కుళాయి లేదు, బకెట్‌తో నీళ్లు తెచ్చుకుని ఆదివారం నేనే కడుగుతాను. మిగతా రోజుల్లో పొద్దున్నే పొడవాటి డస్టర్‌తో దుమ్ము దులిపి బయల్దేరతాను.

కొందామని పక్కన పెట్టుకున్నవి ఇవి: కార్నాబా పేస్ట్ వ్యాక్స్, స్ప్రే సీలెంట్ (చల్లి తుడిచే కృత్రిమ రక్షణ పూత), '9హెచ్' అని రాసి ఉన్న సెరామిక్ కిట్ (పూశాక గట్టిపడే ద్రవ కోటింగ్), రబ్బింగ్ కాంపౌండ్, టైర్ షైన్. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? కార్లకి పాలిష్ చేసే స్టూడియోలో సెరామిక్ కోటింగ్ చేయిస్తే మూడేళ్లు కారు కడగక్కర్లేదని ఫ్రెండ్ గట్టిగా చెబుతున్నాడు. నిజమేనా?

టర్బోల్యాగ్:

బ్రో, సెరామిక్‌కి వెళ్లిపో, ఆలోచించకు. నా తెల్ల హ్యాచ్‌బ్యాక్‌కి వేయించాను, నీళ్లు పోస్తే ముత్యాల్లా జారిపోతాయి. బురద కూడా అంతగా అంటుకోదు. వ్యాక్స్ పాతకాలం పని. నెలనెలా మోచేతులు నొప్పి పుట్టేలా రుద్దే ఓపిక ఎవరికుంది?

స్ప్రేగన్:

నేను బాడీ షాప్‌లో పెయింట్ పని చేస్తాను. రబ్బింగ్, పాలిష్ కూడా నా చేతి మీదుగానే వెళ్తాయి. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

నల్లసెడాన్ గారూ, మీకు అన్నిటికంటే ముందు కావలసింది మీ లిస్టులోనే లేదు. ఆ గీతలు ఎక్కడి నుంచి వచ్చాయని అడగకుండా వాటి మీద ఏం పూయాలని అడుగుతున్నారు. పొడి దుమ్ము మీద డస్టర్ లాగితే దుమ్ములో ఉన్న ఇసుక రేణువులు పెయింట్ మీద గీసుకుంటూ పోతాయి. రోజూ అదే పని జరుగుతుంటే పైన వ్యాక్స్ ఉన్నా, సెరామిక్ ఉన్నా ఫలితం ఒకటే. డస్టర్‌ని ఇంట్లో కిటికీలకి వాడుకోండి.

కుళాయి లేని చోట రెండు బకెట్ల పద్ధతి (ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించడానికి మంచి నీళ్లు) చెప్పి ప్రయోజనం లేదు, మీరు రెండో వారానికే మానేస్తారు. మీకు సరిపడేది రిన్స్‌లెస్ వాష్. ఆప్టిమమ్ నో రిన్స్ లాంటివి ఈ రకమే. బకెట్ నీళ్లలో కొద్దిగా కలిపితే చాలు, మళ్లీ నీళ్లు పోసి కడగాల్సిన పని లేదు. అందులోని పాలిమర్లు మురికి రేణువుల్ని పట్టుకుని పెయింట్ మీద జారేలా చేస్తాయి. అదే మిశ్రమాన్ని పంప్ స్ప్రేయర్‌లో పోసి ముందు ప్యానెల్ అంతా తడపండి, ఒక నిమిషం నాననివ్వండి. తర్వాత బకెట్‌లో నానబెట్టిన మైక్రోఫైబర్ గుడ్డతో ఒకే దిక్కుగా తుడవండి. గుడ్డని నాలుగు మడతలు పెడితే రెండు వైపులా కలిపి ఎనిమిది ముఖాలు వస్తాయి. ఒక ముఖం మాసిందంటే మడత మార్చాలి, మాసిన గుడ్డని మళ్లీ బకెట్‌లో ముంచకూడదు. పైకప్పు నుంచి మొదలుపెట్టి కింది అంచులతో ముగించండి. బురద పేరుకున్న రోజు మాత్రం ఇది పనికిరాదు. ఆ రోజు ప్రెషర్ వాష్ ఉన్న చోటికి వెళ్లి నీళ్లు మాత్రమే కొట్టించండి, వాళ్ల స్పాంజ్ కారుకి తగలనివ్వకండి.

ఇక గరుకు సంగతి. పలచటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి పెట్టి కడిగిన పైకప్పు మీద నిమరండి. ఉత్త చేతికి తెలియనివి కూడా అప్పుడు తెలుస్తాయి. అవి పెయింట్‌కి అతుక్కుపోయిన ఇనుప రజను, జిగురు తుంపర్లు, తారు చుక్కలు. షాంపూకి లొంగవు. ముందు ఐరన్ రిమూవర్ కొట్టాలి. ఇనుము తగలగానే ఊదా రంగుకి మారుతుంది. నల్ల కారు మీద ఆ రంగు సరిగా కనపడదు, కిందికి కారే నీళ్లలో చూసుకోవాలి. వాసన భరించడం కష్టం. ఎండలో కొట్టకండి, ప్యానెల్ మీద ఆరనివ్వకండి. దీన్ని మాత్రం నీళ్లతో బాగా కడిగేయాలి కాబట్టి ఈ పని కూడా నీటి సౌకర్యం ఉన్న చోటే. మిగిలినదానికి క్లే బార్, అంటే తడిపిన పెయింట్ మీద రుద్దితే అతుక్కున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద. అయితే ఒక మెలిక ఉంది: నల్ల పెయింట్ మీద క్లే లాగితే సన్నని మసక గీతలు పడే అవకాశం ఎక్కువ. తర్వాత పాలిష్ చేసే ఉద్దేశం ఉంటేనే క్లే ముట్టుకోండి. క్లే ముక్క నేల మీద పడితే దులిపి వాడొద్దు, పారేయండి.

తెల్ల మరకలు కాల్షియం, మెగ్నీషియం లాంటి లవణాలు. నీళ్లు ఆవిరైపోయాక అవి మిగిలిపోతాయి. క్షార గుణం కాబట్టి పలచటి ఆమ్లానికి కరుగుతాయి. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి గుడ్డ తడిపి, చల్లటి ప్యానెల్ మీద కాసేపు ఆనించి, తర్వాత నీళ్లతో కడిగేయండి. మరక పోయి గుండ్రటి ముద్ర మాత్రం మిగిలిందంటే అది క్లియర్ కోట్‌లోకే, అంటే రంగు మీదుండే పారదర్శక పొరలోకే దిగిందన్నమాట. అది పాలిష్‌కే పోతుంది, లోతుగా ఉంటే పాలిష్‌కీ పోదు.

రబ్బింగ్ కాంపౌండ్ తీసేయండి. అందులో గరుకు పదార్థం ఉంటుంది, పెయింట్‌ని కొంచెం కోసి గీత లోతుకి చదును చేస్తుంది. కారు మీద ప్రైమర్, రంగు, క్లియర్ అన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). అందులో పైనున్న క్లియర్ వాటా 40, 50 మైక్రాన్లే. ఎండ నుంచి రంగుని కాపాడేది ఆ పొరే. కోసినది తిరిగి రాదు. అందుకే ముందు ఫినిషింగ్ పాలిష్ (అన్నిటికంటే తక్కువ కోసే రకం), మెత్తటి ఫోమ్ ప్యాడ్, అడుగు చదరంలో ట్రయల్. అది సరిపోకపోతేనే ఒక మెట్టు పైకి. మెషిన్ వాడితే డ్యూయల్ యాక్షన్ రకం వాడండి, ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి ఒకే చోట కోయదు. ఒకే చోట గిర్రున తిరిగే రోటరీ చేతికి అలవాటు లేనివాళ్లు దాంతో అంచుల దగ్గర క్లియర్‌ని దాటి రంగు దాకా వెళ్లిపోతారు. అలాంటి డోర్లు రీపెయింట్‌కి నా దగ్గరికే వస్తాయి.

మీది సాలిడ్ బ్లాక్ అన్నారు కాబట్టి ఇంకో పరీక్ష చేయండి. కనపడని మూల తెల్ల గుడ్డతో కొంచెం పాలిష్ రుద్దండి. గుడ్డకి నలుపు అంటితే మీ కారుకి క్లియర్ కోట్ లేదు, సింగిల్ స్టేజ్ పెయింట్. అప్పుడు కోసేది నేరుగా రంగునే.

పాలిష్ తర్వాత మెరుపు చూసి మురిసిపోవద్దు. కొన్నిట్లో గీతల్ని తాత్కాలికంగా నింపే నూనెలు ఉంటాయి. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, టార్చ్ వేసి చూడండి. గీతలు మళ్లీ బయటపడితే అవి పోలేదు, దాక్కున్నాయంతే.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్న. కార్నాబా అనేది బ్రెజిల్ ఈశాన్య ప్రాంతంలో పెరిగే ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల మీద ఏర్పడే మైనం. సహజ మైనాల్లో గట్టి రకం, 80 డిగ్రీలు దాటాక గానీ కరగదు. ఒట్టిదాన్ని పూయడం ఎవరి వల్లా కాదు కాబట్టి నూనెలు, సాల్వెంట్లు కలుపుతారు. డబ్బా మీద 'వంద శాతం కార్నాబా' అని ఉంటే ఆ మాట మైనం గురించి, డబ్బాలో ఉన్న మొత్తం గురించి కాదు. నలుపు మీద దాని లోతు నాకూ ఇష్టమే. కానీ రోజూ ఎండలో నిలబడే కారు మీద కొన్ని వారాలకే పోతుంది.

'9హెచ్' సెరామిక్: ఆ అంకె పెన్సిల్ గట్టిదనం పరీక్షది. 9హెచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడలేదని చెప్పడం వరకే. ఇసుక పెన్సిల్ కంటే గట్టిది. కోటింగ్ మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించడం అరుదు, రాళ్ల దెబ్బని ఆపదు. అదలా ఉంచితే, వేసిన రోజు దానికి దుమ్ము లేని నీడ కావాలి, గట్టిపడే దాకా తడి తగలకూడదు. మీ చెట్టు కింద అది కుదరదు. సరిగా తుడవని చోట గట్టిపడితే ఆ మచ్చని మళ్లీ పాలిష్‌తోనే తీయాలి. పైగా ఇప్పుడున్న గీతల మీద వేస్తే ఆ గీతల్నే భద్రంగా దాచిపెట్టినట్టు.

మీకు సీలెంట్ చాలు. ఎండకి వ్యాక్స్ కంటే ఎక్కువ తట్టుకుంటుంది, మంచిదైతే కొన్ని నెలలు ఉంటుంది. కడిగి తుడిచిన వెంటనే పావుగంటలో పని అయిపోతుంది. మళ్లీ పూయడం ఇంత తేలికైతేనే మనిషి మళ్లీ పూస్తాడు.

టర్బోల్యాగ్:

స్ప్రేగన్ అన్నా, మరీ అంత తీసిపారేయకు. నా కారు కడగడం నిజంగానే తేలికైంది.

స్ప్రేగన్:

తేలిక అవుతుంది తమ్ముడూ, అందులో అబద్ధం లేదు. షెడ్డు ఉండి, ముందు పాలిష్ చేసి, సరిగ్గా వేస్తే మంచి వస్తువే. నాకు పడనిది 'కడగక్కర్లేదు' అనే మాట. కోటింగ్ మీద మురికి పొర కట్టాక నీళ్లు ముత్యాల్లా నిలవవు, జనం కోటింగ్ పోయిందనుకుంటారు. బాగా కడిగితే చాలాసార్లు మళ్లీ వస్తుంది. ఆ ముత్యాలు ఎండలో అలాగే ఆరితే ఒక్కో చుక్కా ఒక్కో మరక. తెల్ల కారు కాబట్టి నీకు కనపడట్లేదు.

హైవేరైడర్:

మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. నాకు గీతల గొడవ లేదు. రోజూ హైవే మీద లారీల వెనక ప్రయాణం, బానెట్ ముందు అంచు నిండా రాళ్ల దెబ్బలు. దీనికి ఏది?

స్ప్రేగన్:

సీసాలో వచ్చేది ఏదీ దానికి పనిచేయదు. పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) ఒక్కటే, అంటే పెయింట్ మీద అతికించే పారదర్శక పాలియురెథేన్ ఫిల్మ్. 150 నుంచి 200 మైక్రాన్ల మందం, అంటే మీ పెయింట్ మొత్తం కంటే దళసరి. మంచి రకాల్లో సన్నని గీతలు వేడి తగిలితే వాటంతట అవే సర్దుకుంటాయి. కారంతా వేయించక్కర్లేదు: ముందు బంపర్, బానెట్, అద్దాల వెనక భాగం చాలు. ముందు ఆ దెబ్బలకి టచప్ పెట్టించండి, ఫిల్మ్ కింద తుప్పు మొదలైతే తెలియను కూడా తెలియదు.

నల్లసెడాన్:

స్ప్రేగన్ గారూ, చాలా థ్యాంక్స్. డస్టర్ మాట చదివి మనసు చివుక్కుమంది గానీ, సరే. తెల్ల గుడ్డ పరీక్ష చేశాను, నలుపు అంటలేదు. ప్లాస్టిక్ కవర్‌తో చూస్తే పైకప్పు, బానెట్ ఇసుక కాగితంలా ఉన్నాయి, డోర్లు నున్నగానే ఉన్నాయి. వెనిగర్‌కి డిక్కీ మరకలు చాలావరకు పోయాయి, అద్దాల కింద ముద్రలు మిగిలాయి.

రెండు సందేహాలు. రెట్ట పడిన వెంటనే ఏం చేయాలి, ఆదివారం దాకా ఆగొచ్చా? వెనక బంపర్‌కి ఈమధ్యే పెయింట్ వేయించాను, దానికీ సీలెంట్ పూయొచ్చా?

స్ప్రేగన్:

రెట్టకి ఆదివారం దాకా ఆగొద్దు. అందులో ఆమ్లం ఉంటుంది. ఎండకి పెయింట్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, చల్లబడేటప్పుడు ఎండిన రెట్ట చుట్టూ ముడుచుకుంటుంది. ఆ ముద్ర అలా పడుతుంది, సెరామిక్ ఉన్నా పడుతుంది. రిన్స్‌లెస్ మిశ్రమం చిన్న స్ప్రే సీసాలో పోసి, రెండు పాత గుడ్డలతో డిక్కీలో పెట్టుకోండి. రెట్ట మీద బాగా కొట్టి, తడి గుడ్డ కప్పి కొన్ని నిమిషాలు వదిలేసి, రుద్దకుండా ఎత్తి తీసేయండి. చెట్టు జిగురుకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డ ఆనిస్తే మెత్తబడుతుంది. ఆ చోట సీలెంట్ కూడా పోతుంది కాబట్టి మళ్లీ కొంచెం పూయండి. ఆ కొత్త బంపర్ మీద మాత్రం ఆల్కహాల్ వాడకండి.

బంపర్‌కి ఇప్పుడే సీలెంట్ వద్దు. కొత్త పెయింట్‌లోంచి సాల్వెంట్ ఇంకా బయటికి పోతూ ఉంటుంది, పైన మూత పెట్టినట్టు పూస్తే లోపల ఆగిపోతుంది. నెల నుంచి మూడు నెలల దాకా, పెయింట్ రకాన్ని బట్టి, బేకింగ్ చేశారా (వేడి పెట్టి ఆరబెట్టారా) లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. వేసినవాళ్లనే అడగండి. అంతవరకు మామూలుగా కడగొచ్చు, ఎక్కువ ఒత్తకుండా.

క్లే పైకప్పుకి, బానెట్‌కి మాత్రమే చేయండి. డోర్లు నున్నగా ఉంటే వాటిని ముట్టుకోవడం ఎందుకు? ఆ రెండిటికీ ఫినిషింగ్ పాలిష్, అద్దాల కింద ముద్రల మీద కూడా అదే ఒకసారి. తర్వాత ఆల్కహాల్‌తో తుడిచి, బంపర్ వదిలేసి కారంతా సీలెంట్. ఇదంతా ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడే. అరచేతి వెనక భాగం ఆనిస్తే వెచ్చగా తగిలిందంటే ఆగండి. ఒక్క రోజులో కాకపోతే పైకప్పు ఒక ఆదివారం, బానెట్ ఇంకో ఆదివారం. మధ్యలో పాలిష్ చేసిన ప్యానెల్‌ని ఉత్తగా వదలకండి, ఆ రోజే సీలెంట్ పూసేయండి.

మైక్రోఫైబర్ గుడ్డల్ని మిగతా బట్టలతో ఉతకొద్దు, ఫాబ్రిక్ కండిషనర్ అసలే వద్దు, పీచు నీళ్లు పీల్చడం మానేస్తుంది. చక్రాలకి వాడినవి మళ్లీ పెయింట్ దగ్గరికి రాకూడదు. వేరే రంగువి కొంటే గొడవ ఉండదు.

లిస్టులో ఇక టైర్ షైన్ మిగిలింది. వాటర్ బేస్‌దైతే ఉంచుకోండి. టైర్ మీద నేరుగా కొట్టకుండా స్పాంజ్ మీద వేసి పక్క గోడలకి మాత్రమే పూయండి. రోడ్డుకి ఆనే భాగం మీద, బ్రేక్ డిస్క్ మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.