పాత క్రేయాన్లు కరిగించి పోస్తే పైన రంగు లేని పొర వస్తోంది, ఎందుకు?

ప్రశ్న (వేళచ్చేరి, చెన్నై): విరిగిన క్రేయాన్లు కరిగించి సిలికాన్ అచ్చులో పోశానండి. గట్టిపడ్డాయి గానీ పైన ఉత్త మైనం తేలింది, అటువైపు గీస్తే రంగే అంటడం లేదు. కొన్నిటికి చిన్న చిన్న గుంటలు కూడా. గిన్నె నేరుగా సిమ్‌లో పది నిమిషాలు ఉంచాను.

జవాబు: రంగుపొడి మైనం కంటే బరువండి. పల్చగా కరిగి కదలకుండా ఉంటే అడుక్కి దిగిపోతుంది. పారెయ్యకండి, అవే మళ్లీ కరిగించండి. పెద్ద గిన్నెలో రెండంగుళాల నీళ్లు మరిగించి, సిమ్ చేసి, అందులో చిన్న స్టీలు గిన్నె పెట్టి ముక్కలు వేయండి. మైనం 60 డిగ్రీల అటూ ఇటూగా కరుగుతుంది కాబట్టి ఆ వేడి చాలు. చివరి ముక్క కరగ్గానే స్టవ్ కట్టేసి, ఐస్‌క్రీమ్ పుల్లతో అడుగునుంచి కలుపుతూ ఉండండి. గిన్నె అంచున సన్నటి పొర కట్టడం మొదలైతే పొయ్యడానికి అదే అదును.

నేరుగా మంట మీద మాత్రం వద్దు. మైనం పొగలొస్తే అంటుకునే ప్రమాదం ఉంది. అంటుకుంటే నీళ్లు చల్లకూడదు, స్టవ్ కట్టేసి మూత పెట్టెయ్యాలి.

ఇంకొకరి జవాబు: గుంటలు తడి వల్ల కావచ్చు. కాగితం ఊడాలని నీళ్లలో నానబెట్టారా? చెన్నై ఉక్కలో పైకి ఆరినట్టే ఉంటుంది గానీ పగుళ్లలో తడి మిగులుతుంది. తుడిచి రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టండి. బ్లేడుతో నిలువుగా గాటు పెట్టి ఒలిస్తే ఆ గొడవే లేదు.

ప్రశ్న అడిగినవారు: నానబెట్టానండి, అదే అయ్యుంటుంది. డబ్బాలో ప్లాస్టిక్ క్రేయాన్లు, ఆయిల్ పాస్టెల్స్ కూడా ఉన్నాయి, కలపొచ్చా? గిన్నె కడిగేదెలా?

జవాబు: అస్సలు కలపకండి. ప్లాస్టిక్‌వి ఈ వేడికి సరిగ్గా కరగవు. పాస్టెల్‌లో నూనె ఉంటుంది, కలిస్తే క్రేయాన్ మెత్తబడిపోతుంది. గోటితో గీరి చూడండి: పాస్టెల్ జిడ్డుగా అంటుకుంటుంది, ప్లాస్టిక్‌లో గోరు దిగడమే కష్టం. కొవ్వొత్తి ముక్కలు కూడా వద్దు, రంగు వెలిసి కాగితం మీద జారుతుంది. కొలత కావాలంటే, అచ్చు గుంటలో 20 మి.లీ. నీళ్లు పడితే సుమారు 18 గ్రాముల మైనం పడుతుంది.

గిన్నె వేడి మీదే పాత న్యూస్‌పేపర్‌తో తుడిచెయ్యండి. సింకులో పోస్తే పైపులో గడ్డకడుతుంది. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకండి.

ఇంకొకరి జవాబు: పోసిన వెంటనే ఫ్రీజర్‌లో పెట్టకండి. పైభాగం ముందే బిగుసుకుని పగులుతుంది. గంటసేపు బయట ఆరనిచ్చి, తర్వాత పది నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచితే అచ్చులోంచి తేలిగ్గా ఊడొస్తాయి.