ఆంథోనీ వైల్డింగ్ గెలిచిన నాలుగు వింబుల్డన్లూ పూర్తి టైటిళ్లేనా?

బెంజిసర్కిల్_నాన్న:
నమస్కారం అండి. మాది విజయవాడ. మావాడు తొమ్మిదో తరగతి, పొద్దున్నే టెన్నిస్ కోచింగ్‌కి వెళ్తాడు. పాత చాంపియన్ల పేర్లు చూస్తూ న్యూజిలాండ్ ఆటగాడు ఆంథోనీ వైల్డింగ్ దగ్గర ఆగిపోయాడు. 1910 నుంచి 1913 వరకు వరసగా నాలుగుసార్లు వింబుల్డన్ గెలిచాడు కానీ, చివరి మూడేళ్లూ సింగిల్స్‌లో ఆడింది ఒక్కో మ్యాచేనట. "ఒక్క మ్యాచ్ ఆడితే కప్పు ఇచ్చేస్తారా నాన్నా?" అంటాడు. ఏం చెప్పాలి? ఇంకో సందేహం నాది. ప్రైజ్ మనీ లేని రోజుల్లో ఆయన ఎలా ఆడగలిగాడు? మాకు రాకెట్లు, గట్టింగ్ (రాకెట్‌కి తీగలు వేయించడం), టోర్నీలకు ఊళ్లు తిరగడం, అన్నీ కలిపి నెలనెలా టెన్షనే.

పటమట_లెఫ్టీ:
మీవాడు అడిగింది న్యాయమే. 1910లోనూ 1912లోనూ ఆయన చేతిలో ఓడిన ఆర్థర్ గోర్ పుట్టింది 1868లో. అంటే రెండోసారికి 44 ఏళ్లు! 1911లో రోపర్ బారెట్ చెరి రెండు సెట్లయ్యాక ఆడలేక తప్పుకున్నాడు. ఏడు రౌండ్లు గెలిచే ఇప్పటివాళ్ల పక్కన ఆ టైటిళ్లు పెట్టి లెక్కేయకూడదని నా అభిప్రాయం.

బ్రాడీపేట_వకీలు:
లెఫ్టీ గారూ, మీరు చెప్పినవి నిజాలే. కానీ వాటితోనే తీర్పు ఇచ్చేయకండి. నేను గుంటూరులో లాయర్ని, ఉదయం కోర్టులో టెన్నిస్, తర్వాత కోర్టులో వాదనలు. వైల్డింగ్ కూడా మా వృత్తివాడే, కేంబ్రిడ్జ్‌లో లా చదివాడు. ఆ అభిమానం నాకు ఉంది, దాచను.

అప్పటి పద్ధతి ఏమిటంటే, మిగతావాళ్లందరూ ఆడి ఒకణ్ని తేలుస్తారు, వాడు వచ్చి పాత చాంపియన్‌తో తలపడాలి. దాన్ని చాలెంజ్ రౌండ్ అనేవాళ్లు. వైల్డింగ్ కోసం పెట్టింది కాదు, ఆయనకు ముందు గెలిచినవాళ్లూ అలాగే నిలబెట్టుకున్నారు. 1922లో తీసేశారు. బాబుకి ముందు 1910 సంగతి చెప్పండి. ఆ ఏడాది ఆయన చాంపియన్ కాదు, మొదటి రౌండ్ నుంచీ ఆడాడు. చాలెంజ్ రౌండ్ ముందు మ్యాచ్‌లో అమెరికన్ బీల్స్ రైట్ మీద మొదటి రెండు సెట్లూ పోగొట్టుకుని, తర్వాత మూడూ గెలిచాడు. ఆ తర్వాతే గోర్‌తో ఆట.

ఇక 1913. ఎదురుగా మారిస్ మెక్‌లాఫ్లిన్, 23 ఏళ్లవాడు, అమెరికా చాంపియన్, తుపాకీ గుండులాంటి సర్వీసు. అందరూ కుర్రాడే గెలుస్తాడనుకున్నారు. వైల్డింగ్ 8-6, 6-3, 10-8తో కొట్టాడు. రౌండ్లు తక్కువైనా ఈ మ్యాచ్ తక్కువదా? పైగా అదే ఏడాది పారిస్‌లో మట్టికోర్టు ప్రపంచ టైటిల్, స్టాక్‌హోమ్‌లో ఇండోర్ ప్రపంచ టైటిల్ కూడా ఆయనవే. మట్టి, గడ్డి, చెక్క, మూడింటి మీదా ఒకే సంవత్సరంలో! నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించేది ఇదే. వింబుల్డన్ ఒక్కటే చూసి ఆయన్ని కొలవడం అన్యాయం.

డబ్బు సంగతికి వస్తే, వాళ్ల నాన్న క్రైస్ట్‌చర్చ్‌లో పేరున్న లాయరు, స్వయంగా టెన్నిస్, క్రికెట్ ఆడినవాడు. ఇంట్లో ఉన్నవాళ్లకే సాగిన ఆట అది. మన పిల్లల తల్లిదండ్రులు పడే పాట్లు ఆయనకు తెలియవు, ఈ మాట ఒప్పుకోవాలి. వింబుల్డన్‌లో ప్రైజ్ మనీ మొదలైంది 1968లో. పురుషుల విజేత రాడ్ లేవర్‌కి 2,000 పౌండ్లు. కానీ ఉన్నవాడు కదా అని తేలిగ్గా ఆడలేదండి. శరీరాన్ని సిద్ధం చేసుకోవడంలో ఆయన పట్టుదల ఆనాటి ఆటగాళ్లలో చాలామందికి లేదు. మోటారుసైకిల్ పిచ్చి కూడా ఉంది. యూరప్‌లో ఊరి నుంచి ఊరికి, టోర్నీ నుంచి టోర్నీకి దాని మీదే తిరిగిన రోజులున్నాయి.

పటమట_లెఫ్టీ:
మూడు రకాల కోర్టుల సంగతి నాకు తెలియదు సార్. 1913 వరకు ఒప్పుకుంటాను. 1911, 12 మాత్రం బలహీనమనే అంటాను.

బెంజిసర్కిల్_నాన్న:
చాలా థాంక్స్ సార్. మావాడికి చదివి వినిపించాను. 1914 నుంచి పేరు ఎందుకు కనపడదని అడుగుతున్నాడు.

బ్రాడీపేట_వకీలు:
1914లో చాలెంజ్ రౌండ్‌లో నార్మన్ బ్రూక్స్ చేతిలో ఓడిపోయాడు. బ్రూక్స్ ఆస్ట్రేలియావాడు, ఈయనకు డబుల్స్ జోడీ. ఆ ఏడాది వింబుల్డన్ డబుల్స్ ఇద్దరూ కలిసే గెలిచారు. అప్పట్లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఒకే జట్టు, పేరు ఆస్ట్రలేషియా. ఆ వేసవిలోనే అమెరికా వెళ్లి డేవిస్ కప్ (దేశాల జట్ల మధ్య పోటీ) తెచ్చారు. పిట్స్‌బర్గ్‌లో వీళ్లతో ఆడి ఓడిన జర్మన్లు ఫ్రోయిట్‌జైమ్, క్రాయిట్సర్ తిరిగి వెళ్తుంటే యుద్ధం మొదలైంది, బ్రిటిష్‌వాళ్లు ఓడ ఆపి జిబ్రాల్టర్‌లో నిర్బంధించారు. వైల్డింగ్ సైన్యంలో చేరాడు. 1915 మే 9న ఫ్రాన్స్‌లో న్యూవ్ షాపెల్ దగ్గర ఫిరంగి గుండు పడి చనిపోయాడు. 31 ఏళ్లు.

బాబుకి ఇదీ చెప్పండి. ఆ రోజు ఆ ప్రాంతంలో మన భారతీయ సైనికులూ పోరాడారు, మీరట్ డివిజన్ దాడికి దిగింది. సమాధి దొరకని మనవాళ్ల పేర్లతో 1927లో కట్టిన స్మారకం న్యూవ్ షాపెల్‌లో ఉంది, 4,700కి పైగా పేర్లు. పటంలో చూపించండి.

బెంజిసర్కిల్_నాన్న:
చూపిస్తాను సార్. మనవాళ్లు డేవిస్ కప్ ఎప్పుడు మొదలుపెట్టారో కూడా చెబుతారా?

బ్రాడీపేట_వకీలు:
1921. మొదటి ఏడాదే పారిస్‌లో ఫ్రాన్స్‌ని ఓడించారు. తర్వాతి పోటీ జపాన్‌తో చికాగోలో, అక్కడ ఒక్క మ్యాచ్ కూడా దక్కలేదు. ఆ తొలినాళ్లలో మనకు ఆడిన మహమ్మద్ సలీం, ఫైజీ సోదరుల గురించి వెతకమనండి.